పెన్షన్ గుమ్మంలోకి వస్తోంది, మంచం మీదున్న మనిషిని పక్కకి తిప్పే చెయ్యి మాత్రం దొరకట్లేదు

తెనాలి_అమ్మాయి
మా అమ్మకి 78. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది, ఆపరేషన్ కార్డు మీదే అయిపోయింది, అక్కడిదాకా ఎవర్నీ ఏమీ అనను. డిశ్చార్జ్ చేసేటప్పుడు నర్సు చెప్పింది రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, నడుం కింద తడి లేకుండా చూడండి అని, అంతే, ఇక ఆస్పత్రికీ మాకూ సంబంధం తెగిపోయింది. ఇంట్లో ఉన్నది నాన్న, ఆయనకి 83, ఆయన్ని పట్టుకోడానికే ఒక మనిషి కావాలి. నేను బెంగుళూరులో బట్టల షాపులో అకౌంట్స్ చూస్తా, అన్నయ్య పూణెలో. ఏజెన్సీకి ఫోన్ చేస్తే నెలకి 22 వేలు, రిజిస్ట్రేషన్ వేరే అన్నారు. సరే అని పెట్టుకున్నాం, వచ్చినావిడ మంచిదే పాపం కానీ మంచంలో ఉన్న మనిషిని ఎలా కదపాలో తెలీదు, చంకల్లో చేతులేసి లాగితే అమ్మ పెట్టిన కేక వీధి చివరికి వినపడి ఉంటుంది. తర్వాత ఊళ్ళో పెళ్ళుందని వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

నాన్న పెన్షన్ 4 వేలు మాత్రం ఒకటో తారీఖు పొద్దున్నే ఠంచనుగా చేతిలో పెట్టి వెళ్తారు. అది మందులకి సరిపోతోంది, కాదనను. నా ప్రశ్న ఏంటంటే ఇంత ఏర్పాటు చేసి డబ్బు ఇంటికి తేగలిగిన గవర్నమెంటు వారానికి రెండుసార్లు పని తెలిసిన మనిషిని ఎందుకు పంపలేకపోతోంది? అసలు దీనికంటూ ఎవరి దగ్గరైనా ప్లాన్ ఉందా?

టీకొట్టు_బాచి
ఉంది కదండి ప్లాను. 2024 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి గారు చెప్పారుగా, ముసలివాళ్ళు ఎక్కువైపోతున్నారు, ఇద్దరికి మించి కనండి అని. ఇవాళ కంటే 2050 కల్లా చేతికి అందొస్తారు, అప్పటిదాకా మీ అమ్మగార్ని కాస్త ఓపిక పట్టమనండి 😀

కరీంనగర్_అన్న
మీకు 4000 ఇంటికే అస్తున్నయ్, ఇంకా ఏం గావాలె? మా దిక్కు ఇంకా 2016 రూపాయలే, ఎలక్షన్లప్పుడు 4000 జేస్తమన్నరు. మా బాపు పోస్టాఫీసు కాడ లైన్ల నిలవడాలె, ఏలు వెట్టుమంటరు, ఏలిముద్ర వడది, పొలం పని జేసిన చేతులాయె, మొత్తం అరిగిపోయినయ్. మళ్ళ రేపు రా అంటరు.

తెనాలి_అమ్మాయి
@కరీంనగర్_అన్న మీ బాధ నిజమే అన్నా. కానీ రేపు మీక్కూడా 4000 చేశారనుకోండి, బాపు మంచాన పడితే ఆ 4000కి ఎవరొస్తారు? నేను అడుగుతున్నది అది.

కరీంనగర్_అన్న
గది కరెక్టే. మా చిన్నమ్మ అట్లనే వాయె, పుండ్లు వడి.

సచివాలయం_సీను
నేను గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని, ఒకటో తారీఖున ఆ గుమ్మాల్లో నిలబడేది నాలాంటోళ్ళమే. ముందుగా ఒక మాట, ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి నేనే చెప్తున్నా, ‘మంచాన పడ్డవాళ్ళకి 15 వేల పెన్షన్ ఉందిగా, దానికి పెట్టుకోండి’ అంటారు. అది పక్షవాతం, తీవ్రమైన కండరాల జబ్బు, ప్రమాదంలో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళ కోసం. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. పెద్దతనం వల్ల కాళ్ళు పడిపోయినవాళ్ళు ఆ గళ్ళలో ఎక్కడా ఇమడరు, మేం రాసి పంపినా తిరిగొస్తుంది.

ఇక మనిషిని పంపడం. మా సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, మహిళా పోలీసు ఉంది, నేనున్నా, అందరికీ సర్వేలే. 2 వేల జనాభాకో సచివాలయం అన్నప్పుడు ఇలాంటి పనులకే అనుకున్నాం. మా ఊళ్ళో ఎవరికి 80 దాటాయో, ఎవరింట్లో ఒంటరిగా ఉన్నారో నాకు నోటికొచ్చు, ఎందుకంటే ప్రతి నెలా చూస్తాను. అంతమందిని చూస్తున్నా రాసుకోడానికి నా ఫోన్ యాప్‌లో ఒక్క గడి లేదు. ‘డబ్బు ఇచ్చావా, ముఖం పడిందా’ ఇంతవరకే అడుగుతుంది.

సంప్రదాయం_సుబ్బారావు
అన్నీ గవర్నమెంటే చెయ్యాలంటే ఎలాగమ్మా. మా అమ్మ తొమ్మిదేళ్ళు మంచం మీద ఉంది, మా ఇంట్లో ఎవర్నీ పెట్టుకోలేదు, ఏ ఏజెన్సీకీ ఫోన్ చెయ్యలేదు. కన్నవాళ్ళని చూసుకోడం బాధ్యత. ఇప్పుడు అందరూ బెంగుళూరు, పూణె, అమెరికా, తర్వాత ప్లాన్ లేదని ఏడుపు.

నెల్లూరు_మంజు
సుబ్బారావు గారూ, ఆ తొమ్మిదేళ్ళూ అత్తగారి గుడ్డలు మార్చింది ఎవరు సార్, మీరా మీ ఆవిడా? ఊరికే అడుగుతున్నా.

టీకొట్టు_బాచి
🍿

సంప్రదాయం_సుబ్బారావు
ఇద్దరం.

నెల్లూరు_మంజు
సరే సార్ 🙏 నేను మా మామగారికి నాలుగేళ్ళు చేశాను, ట్యూషన్లు చెప్పేదాన్ని, మానేశాను, నడుం పోయింది. నాకు జీతం లేదు, సెలవు లేదు, మొన్న మా ఆడపడుచు అంటుంది ‘నువ్వు ఇంట్లోనే ఖాళీగా ఉండేదానివిగా’ అని. కుటుంబం చూసుకోవాలి అంటే ఇంట్లో ఒక ఆడమనిషి ఉద్యోగం మానెయ్యాలి అని అర్థం, అదేదో పైకి చెప్పేస్తే గొడవ వదిలిపోద్ది.

లా_పాయింట్
బాధ్యత అన్నారు కాబట్టి చట్టం సంగతి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్, లాయరు అక్కర్లేదు, నోటీసు వెళ్ళిన 90 రోజుల్లో తేల్చాలి, నెలకి గరిష్ఠంగా 10 వేలు దాకా పిల్లల చేత ఇప్పించొచ్చు. చూసుకుంటామని ఆస్తి రాయించుకుని తర్వాత గాలికొదిలేస్తే సెక్షన్ 23 కింద ఆ గిఫ్ట్ డీడ్ రద్దవుతుంది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా పెద్దవాళ్ళ పక్షానే గట్టిగా చెప్పింది. అస్సాంలో 2017లోనే చట్టం చేశారు, తల్లిదండ్రుల్ని పట్టించుకోని గవర్నమెంటు ఉద్యోగి జీతంలో 10 శాతం కోసి వాళ్ళకి ఇస్తారు. తెలంగాణ సీఎం కూడా అలాంటిదే తెస్తామన్నారు.

కానీ చూడండి, ఇవన్నీ పిల్లలు చెడ్డవాళ్ళైతే పనికొచ్చేవి. తెనాలి అమ్మాయి గారి కేసులో పిల్లలు డబ్బు పంపుతూనే ఉన్నారు, చట్టానికి ఇక్కడ చెయ్యగలిగిందేం లేదు. అదే చట్టంలో సెక్షన్ 19 ఉంది, జిల్లాకి కనీసం 150 మందికి సరిపడా వృద్ధాశ్రమం పెట్టొచ్చు అని. ‘పెట్టొచ్చు’ అన్నారు కాబట్టి ఎవరూ తొందరపడలేదు.

పాలకొండ_పిల్ల
నేను ఆ ‘ఏజెన్సీ మనిషి’ని. హైదరాబాద్‌లో ఆరేళ్ళ నుంచి ఇదే పని. పైన ‘పెళ్ళుందని వెళ్ళి రాలేదు’ అని రాసారు కదా, ఆవిడ తరపున నేను చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

నేనున్న ఇంటివాళ్ళు ఏజెన్సీకి 24 వేలు కడతారు, నాకు వచ్చేది 14. ఇరవైనాలుగ్గంటలూ ఆ ఇంట్లోనే. పడుకునేది పేషెంట్ మంచం పక్కన కింద చాప మీద, అమ్మగారు రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తారు, లేచినప్పుడల్లా నేనూ లేవాలి. పొద్దున్న ఇంటావిడ ‘ఖాళీయే కదా ఆ గిన్నెలు కూడా తోమెయ్’ అంటుంది. నెలకి రెండు సెలవులని ఏజెన్సీ చెప్తాది, తీసుకుంటే ఇంటివాళ్ళు ముఖం మాడ్చుకుంటారు, అందుకే పెళ్ళో చావో వస్తే తప్ప ఎవరూ కదలరు, కదిలితే మళ్ళీ వెనక్కి రావాలనిపించదు. అదీ సంగతి.

ఇంకోటి ఎవరికీ తెలీదు. మేం దీన్ని కేసు అంటాం. పేషెంట్ పోయిన రోజుతో కేసు క్లోజ్, జీతం ఆ రోజు దాకానే లెక్క. పోయినేడు ఒక తాతగారు రాత్రి రెండింటికి పోయారు, పదకొండు నెలలు చేసాను ఆయనకి, బాడీ కడిగి పంచె కట్టింది నేనే, తెల్లారి నా సంచీ గుమ్మం బయట ఉంది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే కొత్త కేసు వచ్చేదాకా హాస్టల్‌లో ఉండు, రోజుకి ఇంతని కట్టు అన్నారు.

పని ఎవరూ నేర్పలేదు. మొదటి కేసులో ఒక పెద్ద నర్సమ్మ వచ్చేది డ్రెస్సింగ్‌కి, ఆవిడ చూపించింది, దుప్పటి నాలుగు మడతలేసి పేషెంట్ భుజాల నుంచి తొడల దాకా కింద ఉంచాలి, మనిషిని పట్టుకోకూడదు, దుప్పటిని పట్టుకుని మన వైపు తిప్పాలి, అప్పుడు చర్మం రాపిడి అవ్వదు, మన నడుమూ పోదు. మోకాళ్ళ మధ్య దిండు. తోకెముక దగ్గర చర్మం ఎర్రగా ఉండి వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఇక ఆ వైపు పడుకోబెట్టకూడదు. ఇది చెప్పడానికి పది నిమిషాలు పట్టింది ఆవిడకి. తెనాలి అక్కా, తుంటి ఆపరేషన్ అయిన కాలుకి లెక్క వేరే ఉంటాది, ఎంత వంచొచ్చో ఎటు తిప్పకూడదో డాక్టర్ని అడిగే చెయ్యండి.

తెనాలి_అమ్మాయి
దుప్పటి సంగతి ఇప్పుడే నాన్నకి ఫోన్ చేసి చెప్పా, డాక్టర్ని అడిగాక పక్కింటబ్బాయి సాయం పడతా అన్నాడు. మీరు పదకొండు నెలలు చేసిన ఇంటివాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతోంది. మా ఇంటికొచ్చి వెళ్ళిపోయినావిడకి కూడా ఫోన్ చేస్తా, అసలు ఏం చేతికొచ్చిందో అడగనే లేదు నేను.

అనంత_రెడ్డి
ట్రైనింగ్ లేదని కాదు. మా చెల్లెలు స్కిల్ సెంటర్‌లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసింది, హోమ్ హెల్త్ ఎయిడ్ అని ఇంకోటి కూడా ఉంది. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి గోడకి పెట్టినాం. పనికి పోతే సర్టిఫికెట్ ఉన్నోళ్ళకీ లేనోళ్ళకీ అదే జీతం, ఆర్నెల్లకి మొబైల్ షాపులో చేరింది. నేర్పించడం కన్నా నిలబెట్టుకోవడం కష్టం ఈ పనిలో.

కోళికోడ్_తెలుగోడు
నేను ఎనిమిదేళ్ళుగా కేరళలో ఉంటున్నా కాబట్టి ఇక్కడిది చెప్తా. మా పక్కింటి ముసలాయనకి క్యాన్సర్, పంచాయతీ పాలియేటివ్ నర్సు, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించేలా చూసుకునే నర్సు, జీపులో ఇంటికొస్తుంది, డ్రెస్సింగ్ చేస్తుంది, ఇంట్లోవాళ్ళకి ఎలా కడగాలో నేర్పి వెళ్తుంది, వాళ్ళ వెనకాల ఊరి వాలంటీర్లు. ఇది ఊరికే పుట్టలేదు, ముందు కోళికోడ్, మలప్పురం వైపు జనమే చందాలేసుకుని మొదలెట్టారు, 2008లో రాష్ట్రం పాలియేటివ్ పాలసీ అని రాసి పంచాయతీల చేతిలో పెట్టింది. ఇప్పుడు కుడుంబశ్రీ, అంటే మన డ్వాక్రా లాంటిదే, ‘కే ఫర్ కేర్’ అని సంఘాల ఆడవాళ్ళకి ముసలివాళ్ళని చూసుకోవడంలో ట్రైనింగ్ ఇచ్చి ఇళ్ళకి పంపుతోంది. 2025లో వయోవృద్ధుల కమిషన్ కూడా పెట్టారు చట్టం చేసి. అలాగని ఇక్కడ అంతా బంగారం కాదు, నర్సింగ్ చదివిన పిల్లలంతా జర్మనీ, బ్రిటన్ పోతున్నారు, పెద్ద పెద్ద ఇళ్ళల్లో ఒక్క ముసలమ్మ, ఒక కుక్క.

టీకొట్టు_బాచి
కేరళ అనగానే ఎవరో ఒకరు వస్తారని తెలుసు. అక్కడ ముసలోళ్ళు ఎక్కువ బాసూ, అందుకని చేశారు.

కోళికోడ్_తెలుగోడు
@టీకొట్టు_బాచి 2021 అంచనాల్లో అరవై దాటినవాళ్ళు కేరళలో 16.5 శాతం, ఏపీలో 12.4, దేశం మొత్తానికి 10.1. వరసలో మనవాళ్ళు ఐదో స్థానంలో ఉన్నారు. మనకీ ఇద్దరు పిల్లలు దాటట్లేదు కాబట్టి కేరళ ఇవాళ ఉన్నచోటికి మనం వెళ్తున్నాం, కాకపోతే వాళ్ళు 2008లో రాసుకున్న కాగితం మన దగ్గర లేదు.

కరీంనగర్_అన్న
పాలియేటివ్ మా తెలంగాణల గూడ ఉన్నది. చేవెళ్ళ దిక్కు మొదలువెట్టి జిల్లాలకు తెచ్చిన్రు, బండ్ల ఇంటికొచ్చి సూస్తరు. గని ఎక్కువ క్యాన్సరోళ్ళకే ఎరుక, ముసలోళ్ళకు గూడ వస్తరని శానామందికి తెల్వది.

రిటైర్డ్_సూపరింటెండెంట్
ప్లాన్ ఉందా అని అడిగారు గనక. కాగితం మీద ఉండాలి. కేంద్రం అటల్ వయో అభ్యుదయ్ యోజన కింద ప్రతి రాష్ట్రం వయోవృద్ధుల కోసం సొంత యాక్షన్ ప్లాన్ తయారు చేసుకోవాలని చెప్పింది. వైద్యం వైపు చూస్తే 2010–11లో వచ్చిన జాతీయ కార్యక్రమం ఉంది, దాని ప్రకారం జిల్లా ఆస్పత్రిలో పెద్దవాళ్ళకి పది పడకల వార్డు, పీహెచ్‌సీలో వారానికోరోజు ప్రత్యేక ఓపీ ఉండాలి. హెల్ప్‌లైన్ 14567 ఉంది, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు, గొడవల్లో, వదిలేసిన కేసుల్లో బాగానే పనికొస్తుంది.

చిక్కు ఎక్కడంటే, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ చూసింది చెప్తున్నా, ముసలాయన ఒక్కడే, ఫైళ్ళు ఐదు చోట్ల. పెన్షన్ సెర్ప్, అంటే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ కింద. వృద్ధాశ్రమాలు దివ్యాంగులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కింద. ఏఎన్ఎం వైద్యశాఖ. కోర్సులు స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. ఏజెన్సీ వాడు అమ్మాయికి 24లో 14 ఇస్తున్నాడంటే అది లేబర్ వాళ్ళు చూడాలి. మీటింగుకి ఐదుగురూ వస్తారు, టీ తాగుతారు, ‘మా పరిధిలోకి రాదు’ అని ఐదుగురూ రాసి వెళ్తారు. మినిట్స్ నేనే టైప్ చేశాను కాబట్టి తెలుసు.

కోళికోడ్ తమ్ముడు కుడుంబశ్రీ అన్నాడు, అక్కడ పట్టుకోండి. మన దగ్గర పెన్షన్ ఇచ్చే సెర్పే డ్వాక్రా సంఘాల్ని కూడా నడిపేది. ఎవరింట్లో ముసలివాళ్ళున్నారో తెలిసిన జాబితా, పని కావాల్సిన ఆడవాళ్ళ జాబితా, రెండూ ఒకే బిల్డింగులో ఉన్నాయి. కొత్త శాఖ పెట్టక్కర్లా. మండలానికి ఇరవై మందికి నేర్పి, సంఘం పేరు మీదే ఇళ్ళకి పంపి, ఇంటివాళ్ళు సగం సంఘం సగం కట్టేలా చేస్తే మధ్యలో 10 వేలు తినే ఏజెన్సీ పోతుంది.

పాలకొండ_పిల్ల
సంఘం తరపున అయితే మా ఊళ్ళోనే ఉండి చేస్తాను. రాత్రికి ఇంటికి పోవచ్చు కదా. 12 ఇచ్చినా చాలు.

బే_ఏరియా_బాబాయ్
ఇక్కడ కాలిఫోర్నియాలో 2021 జనవరిలో మాస్టర్ ప్లాన్ ఫర్ ఏజింగ్ అని పదేళ్ళ ప్లాన్ వేశారు, ఐదు లక్ష్యాలు, అందులో ఒకటి పూర్తిగా చూసుకునే మనుషుల గురించే, పది లక్షల మంచి కేర్‌గివింగ్ ఉద్యోగాలు అని రాసుకున్నారు. అంతకుముందు నుంచే ఐహెచ్‌ఎస్‌ఎస్ అని ఒక పద్ధతి ఉంది, ఆదాయం తక్కువున్న పెద్దవాళ్ళ ఇంటికి కౌంటీ సోషల్ వర్కర్ వచ్చి స్నానానికి ఇంత, తినిపించడానికి ఇంత అని టైమ్ లెక్కేసి నెలకి గంటలు మంజూరు చేస్తుంది, గరిష్ఠం 283 గంటలు. ఆ గంటలకి మనిషిని మనమే ఎంచుకోవచ్చు, కూతుర్ని కూడా పెట్టుకోవచ్చు, ఆమెకే గవర్నమెంటు జీతం ఇస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పంజాబీ ఆవిడ వాళ్ళమ్మని చూసుకుంటూ అలాగే జీతం తీసుకుంటోంది.

నెల్లూరు_మంజు
అంటే నేను చేసిన నాలుగేళ్ళకి గంటల లెక్కన జీతమా?? మా ఆడపడుచుకి ఈ లింక్ పంపిస్తున్నా ఇప్పుడే.

అనంత_రెడ్డి
డాలర్ లెక్కలు మనకెందుకు బాబాయ్. ఇక్కడ అట్ల పెడితే ఊర్లో ప్రతి ఇంట్లో ఒక ముసలామె మంచం మీద ఉన్నట్టు కాగితం పుడుతుంది.

బే_ఏరియా_బాబాయ్
దొంగ బిల్లులు ఇక్కడా పడతాయి రెడ్డి గారూ, అందుకే గంటల లెక్క, మళ్ళీ వచ్చి చూడడం. ఇంకోటి, ఆదాయం కాస్త ఎక్కువుంటే ఇది రాదు, అప్పుడు అమెరికాలో మనిషిని పెట్టుకోవాలంటే మీ 22 వేలు ముచ్చటగా అనిపిస్తుంది. మా నాన్న అక్కడ ఏలూరులోనే ఉన్నారు, నేనూ మీ బాపతే.

ఏఎన్ఎం_అక్క
అందరూ ‘ఏఎన్ఎంని పంపండి, ఆశాని పంపండి’ అనేస్తారు. ఏపీలో ఆశాకి గౌరవ వేతనం 10 వేలు, దానికి గర్భిణులు, టీకాలు, టీబీ, బీపీ షుగర్ సర్వే, జ్వరాల సర్వే అన్నీ ఆవిడే. ఇప్పుడు ముసలివాళ్ళకి స్నానాలు కూడా చేయించమంటే రాజీనామా ఇస్తుంది. నేను ఫోలీ, అంటే మూత్రం గొట్టం మారుస్తా, డ్రెస్సింగ్ చేస్తా, అది నా పని. 104 సంచార వైద్య బండి వచ్చినప్పుడు మంచాన ఉన్నవాళ్ళ ఇంటికి డాక్టర్‌ని తీసుకెళ్తాం, తెనాలి సిస్టర్ మీ ఊరి ఏఎన్ఎంకి చెప్పి అమ్మగారి పేరు ఆ లిస్టులో రాయించండి, చెప్పకపోతే మాకు తెలీదు. కానీ రోజూ చేసే పనికి వేరే మనిషి కావాలి, జీతం ఉన్న మనిషి. తమిళనాడులో 2021 నుంచి ఇంటి గుమ్మంలో వైద్యం అని చేస్తున్నారు, బీపీ షుగర్ మందులకి సంఘాల ఆడవాళ్ళు, ఫిజియోథెరపీకి వేరే, పాలియేటివ్ నర్సు వేరే, ఎవరి పని వాళ్ళది. మనకి అలా విడగొట్టాలి ముందు.

డెబ్భై దాటినవాళ్ళకి 5 లక్షల వయ వందన కార్డు ఇచ్చారు కదా 2024లో, మంచిదే, కానీ ఆస్పత్రిలో పడుకుంటేనే. ఇంట్లో పడుకుంటే సున్నా. అందుకే పుండు ముదిరాక ఆస్పత్రికి తెస్తారు, అప్పుడు కార్డు పని చేస్తుంది.

లా_పాయింట్
చివరి పేరా అక్షరాలా నిజం. పుండు పడకుండా చూసే మనిషికి పైసా లేదు, పడ్డాక సర్జరీకి ప్యాకేజీ ఉంది.

టీకొట్టు_బాచి
ఇదంతా ఆ పార్టీ వచ్చాకే నాశనం అయింది, వాలంటీర్లుంటే ఈ బాధ ఉండేదా

సచివాలయం_సీను
యాభై ఇళ్ళకో వాలంటీరు ఉన్నప్పుడు కూడా డబ్బులు, సర్టిఫికెట్లే బాచీ. మందు బిళ్ళ తెచ్చిపెట్టిన మంచి పిల్లలున్నారు, అది వాళ్ళ మంచితనం, డ్యూటీ చార్టులో లేదు.

అడ్మిన్
పార్టీల పేర్లతో వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను. బాచీ, నీ రెండోది కూడా. టాపిక్ మీద ఉండండి.

తెనాలి_అమ్మాయి
రిటైర్డ్ సూపరింటెండెంట్ గారూ, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు కదా, నేను ఆదివారం ఊరికెళ్తున్నా, ఇవ్వనా? ఏ శాఖ పేరు మీద రాయాలి? ఐదు శాఖలన్నారు, ఎవరికి రాసినా ‘మా పరిధి కాదు’ అనరా?

రిటైర్డ్_సూపరింటెండెంట్
కలెక్టర్ గారికే రాయండి, శాఖ పేరు పెట్టకండి, పెడితే దాన్ని అక్కడికి తోసేస్తారు. ‘మా అమ్మకి మనిషి కావాలి’ అని రాయొద్దు, దానికి జాలి పడి వీల్‌చైర్ ఇచ్చి ఫోటో తీస్తారు. మండలంలో మంచానికి పరిమితమైన పెద్దవాళ్ళెందరో సచివాలయాల ద్వారా లెక్క తీయించమని, డ్వాక్రా సంఘాల్లో ఇష్టమున్నవాళ్ళకి జిల్లా ఆస్పత్రిలో శిక్షణ ఇప్పించమని, ఈ రెండే అడగండి. డీఆర్డీఏ, అంటే జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ పీడీకి (ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి) ఒక కాపీ. రసీదు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు, నంబరు లేకపోతే అర్జీ లేనట్టే. సీను లాంటివాళ్ళు ఊరికొకరు ఆ లెక్క అనధికారంగా తీసి జత చేస్తే ఇంకా బలం.

సచివాలయం_సీను
మా ఊరిది నేను ఇస్తా, పేరు మాత్రం బయటపెట్టొద్దు సార్, మెమో ఇస్తారు.

సంప్రదాయం_సుబ్బారావు
అర్జీ మీద నా సంతకం కూడా పెట్టుకోమ్మా, మాది బాపట్ల, పక్క జిల్లా, చెల్లుతుందో లేదో. మంజు గారు అడిగిన దానికి, మా ఆవిడే ఎక్కువ చేసింది.

నెల్లూరు_మంజు
తెలుసు సార్ 🙂

కావలి_కుమార్
మధ్యలో వచ్చా, అంతా చదవలేదు. మా నాన్నకి ఎయిర్ బెడ్ కొందామనుకుంటున్నా, బుడగల్లా ఉండేది 2500 అంటున్నాడు, పైపుల్లా ఉండేది 6 వేలు. ఏది మంచిది? పంపు రాత్రంతా సౌండ్ చేస్తుందా?

పాలకొండ_పిల్ల
సన్నగా ఉండే మనిషైతే బుడగలది చాలు. బరువున్నోళ్ళకి పైపులది తీసుకోండి, బుడగలది పగిలిపోతాది, అతుకు నిలవదు. సౌండ్ వస్తాది కానీ రెండ్రోజుల్లో అలవాటైపోద్ది. బెడ్ ఉందని తిప్పడం మానొద్దు.